నూటికి 96, నోటికి ఎంత?



ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ అబ్బాయో అమ్మాయో ఒక కొత్త భాష నేర్చుకుంటున్నారనుకోండి. అది ఎంతవరకు వచ్చిందో మీకెలా తెలుస్తుంది? యూనిట్ టెస్ట్ మార్కులు చూస్తారా? నోట్‌బుక్‌లో టీచర్ పెట్టిన రైట్ గుర్తులు చూస్తారా? నేనైతే ఎక్సెల్ షీట్ చూసుకునేవాణ్ణి. దాన్ని నమ్ముకుని ఎలా పొరబడ్డానో, నా కూతురి మనసు ఎలా నొప్పించానో, తర్వాత ఇద్దరం కలిసి ఎలా దిద్దుకున్నామో మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కిందటేడు సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకుంది. ఎందుకని అడిగితే నిజం చెప్పేస్తాను. ఫ్రెంచిలో మార్కులు బాగా వస్తాయని నలుగురూ అన్నారు, మేమూ సరే అన్నాం. మీలో చాలామంది కూడా ఇలాగే నిర్ణయించుకుని ఉంటారు.

నా ఉద్యోగం అకౌంట్స్‌లో. ఏ పనైనా గళ్లలో పెట్టి లెక్క చూసుకుంటే గానీ నాకు నిద్ర పట్టదు. ఫ్రెంచిలో కష్టమంతా క్రియలతోనే అని టీచర్ చెప్పారు. ఎవరు చేస్తున్నారన్నదాన్ని బట్టి, ఎప్పుడు చేస్తున్నారన్నదాన్ని బట్టి క్రియ రూపం మారుతుంది. ఇంగ్లీషులో ఈ బాధ తక్కువ గానీ మన తెలుగులో ఉన్నదే. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాం, వెళ్తారు అంటాం కదా, అదే.

ఇంకేం, షీట్ తెరిచాను. 30 క్రియలు. ఒక్కోదానికి నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు అని 6 గళ్లు. వర్తమానం, జరిగిపోయినది, జరగబోయేది అని 3 కాలాలు. మొత్తం 540 గళ్లు. ప్రతి ఆదివారం నేను క్రియ పేరు చెబితే తను పట్టిక రాసేది. సరిగ్గా రాసిన గడికి ఆకుపచ్చ రంగు, తప్పయితే ఎరుపు. దసరా సెలవులకల్లా 412 గళ్లు పచ్చబడ్డాయి. అంటే 76 శాతం. ఆ టర్మ్ పరీక్షలో నూటికి 96 వచ్చాయి. ఆ షీట్‌ని ఆఫీసులో కూడా చూపించుకున్నాను.

యానాంలో ఒక సాయంత్రం

మా అత్తగారి ఊరు కాకినాడ. దసరాకి వెళ్లినప్పుడు ఒక సాయంత్రం మా మామగారు అందరినీ యానాం తీసుకెళ్లారు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరని మీకు తెలిసే ఉంటుంది. చుట్టూ ఆంధ్ర, ఊరంతా తెలుగే, పరిపాలన మాత్రం పుదుచ్చేరిది. అక్కడ మా మామగారి స్నేహితులు ఒకాయన ఉన్నారు. 80 దాటాయి. చిన్నతనంలో ఫ్రెంచి బడిలో చదువుకుని, తర్వాత పుదుచ్చేరిలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక సొంత ఊరు వచ్చేశారు.

మా అమ్మాయి ఫ్రెంచి చదువుతోందని నేనే గొప్పగా చెప్పాను. మార్కులు కూడా చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఫ్రెంచిలో మాట్లాడే మనిషి దొరికి ఎన్నాళ్లయిందో పాపం. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "కెస్క్ త్యు ఆ ఫే యేర్?" అని అడిగారు. నిన్న ఏం చేశావమ్మా అని. అంతే.

నా షీట్‌లో ఆ క్రియ, ఆ కాలం, ఆ వరస మొత్తం పచ్చగా ఉంది. మా అమ్మాయి నోరు తెరిచింది, మూసింది. ఆయన ఇంకొంచెం నెమ్మదిగా అడిగారు. తను నా వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది. ఆయన "పర్వాలేదమ్మా" అని తెలుగులోకి మారిపోయి, మంచినీళ్లు కావాలా అని అడిగారు.

అప్పుడు నేనో మాట అన్నాను. అందరి ముందు అన్నాను. "ఏడాదిన్నరగా నేర్చుకుని ఒక్క ముక్క రాదా? ఆ 96 ఎలా వచ్చాయో మరి!"

తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడలేదు. కాకినాడ దగ్గర పడుతుండగా తనే మెల్లగా అంది. "నాన్నా, నాకు టేబుల్ మొత్తం కనిపించింది. నువ్వు పచ్చ రంగు వేసిన గళ్లన్నీ కళ్ల ముందే ఉన్నాయి. అందులో నాకు కావాల్సింది ఏ గడో వెతుక్కునేలోపు తాతగారు రెండోసారి అడిగేశారు."

విజయవాడ వచ్చాక వాళ్ల అమ్మతో చెప్పిందట, వచ్చే ఏడు సంస్కృతానికి మారిపోతానని. "మార్కులు అందులో కూడా వస్తాయి, ఎవరూ మాట్లాడమని అడగరు" అన్నది తన వాదన. ఆ మాట విన్నాక నా షీట్ చూడబుద్ధి కాలేదు.

విద్యార్థిగా మారిన తండ్రి

క్షమాపణ అడిగాను. అడిగి ఊరుకుంటే సరిపోదనిపించింది. "నువ్వే టీచర్‌వి, నాకు నేర్పు" అన్నాను. ముందు నమ్మలేదు. మూడో రోజు నా పక్కన కూర్చుని ఒక క్రియ చెప్పింది. నలభై ఆరేళ్ల వయసులో నాకు తెలిసొచ్చిన సంగతులు ఇవి.

మొదటిది. అన్ని గళ్లూ సమానం కావు. పార్లే అంటే మాట్లాడడం. వర్తమానంలో దానికి నా షీట్‌లో 6 గళ్లున్నాయి. రాసేటప్పుడు 'నువ్వు' అయితే చివర ఎస్ చేర్చాలి, 'వాళ్లు' అయితే ఇ, ఎన్, టి చేర్చాలి. నోటితో అన్నప్పుడు మాత్రం ఆ అక్షరాలేవీ పలకవు. నేను, నువ్వు, అతను, వాళ్లు, ఈ నలుగురికీ ఒకటే మాట, 'పార్ల్'. మేము అయితే 'పార్లోఁ', మీరు అయితే 'పార్లే'. గళ్లు 6, చెవికి వినిపించేవి 3. అదే 'ఉండడం' అనే అర్థంలో వాడే ఎత్ర్ సంగతి చూడండి. స్వీ, ఎ, సోమ్, ఎత్, సోఁ. ఒకదాని పోలిక ఒకదానికి లేదు. పైగా ఆ క్రియ లేకుండా రెండు వాక్యాలు మాట్లాడలేం. నేనేమో రెండింటికీ తలా 6 గళ్లిచ్చి కూడేశాను. చిల్లర ఖర్చునీ ఇంటి అప్పునీ ఒకే వరసలో వేసి లెక్క సరిపోయిందనుకున్నట్టు.

ఎక్కువ వాడే క్రియలే ఎక్కువ వంకర్లు పోతాయి. ఫ్రెంచిలో ఉండడం, కలిగి ఉండడం, వెళ్లడం, చేయడం అలాంటివి. తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? వస్తాను, వచ్చాను, రాను, రా. ఈ నాలుగూ ఒకే క్రియ అని బయటివాళ్లకి చెబితే నమ్ముతారా? మనకి ఎవరూ పట్టిక వేసి నేర్పలేదు కాబట్టి మనం గమనించలేదు.

రెండోది. పచ్చ రంగు నిలవదు. ఆదివారం నేను తప్పు లేకుండా రాసిన పట్టికని గురువారం అడిగితే సగం పోయింది. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని పదాలు తనే బట్టీపట్టి, ఎన్నాళ్లకి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే కొలుచుకుని 1885లో పుస్తకంగా రాశాడు. మరుపు మొదట్లో జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది అని తేల్చాడు. నా షీట్‌లో రంగు ఉంది, తేదీ లేదు. ఆగస్టులో ఒక్కసారి వచ్చిన గడి అక్టోబరులో కూడా పచ్చగానే ఉండిపోయింది.

మూడోది నన్ను బాగా కదిలించింది. మొదట్లో తను 'జ్య స్వీ అలే' అని రాసేది. నేను వెళ్లాను అని అర్థం. అది సరైనదే, పచ్చ రంగు వేశాను. కొన్ని నెలల తర్వాత 'జే అలే' అని రాయడం మొదలుపెట్టింది. తప్పు. ఎరుపు వేశాను. వచ్చింది కూడా మరిచిపోతోందని విసుక్కున్నాను. అసలు సంగతి వేరు. ఫ్రెంచిలో జరిగిపోయిన పని చెప్పడానికి ఎక్కువ క్రియల ముందు 'జే' వస్తుంది. వెళ్లడం, రావడం లాంటి కొన్నింటికి మాత్రం 'జ్య స్వీ' వస్తుంది. మొదట తను చిలకలా అప్పజెప్పింది. తర్వాత సూత్రం పట్టుకుంది, పట్టుకున్నదాన్ని అన్నిటికీ వాడేసింది. ఇంగ్లీషు ఇళ్లలో పిల్లలు కూడా అంతే. ముందు 'వెంట్' అని సరిగ్గా అంటారు, కొన్నాళ్లకి 'గోడ్' అంటారు, ఆ తర్వాత మళ్లీ 'వెంట్' దగ్గరికి వస్తారు.

అంతదూరం ఎందుకు? మా అమ్మాయే రెండేళ్ల వయసులో నేను ఆఫీసు నుంచి రాగానే "నాన్న వచ్చింది" అని గంతులేసేది. వచ్చాడు అనాలని అప్పుడు నేను ఎరుపు రంగు వేయలేదు. ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను. నాలుగు రోజులు పోయాక తనే సరిచేసుకుంది. పదమూడేళ్లకి అదే పని ఇంకో భాషలో చేస్తే మాత్రం మార్కు తగ్గించాను.

కొత్త లెక్క

షీట్ పక్కన పెట్టి, కాకినాడ నుంచి వస్తూ కొన్న పూతరేకుల అట్టపెట్టెలు మూడు ఖాళీ చేశాం. కార్డులు కత్తిరించాం. ఒక వైపు తెలుగు వాక్యం, రెండో వైపు ఫ్రెంచి. క్రియ పేరు కాదు, పట్టిక కాదు. "నిన్న మేం మార్కెట్‌కి వెళ్లాం." "వాళ్లు ఇంట్లో ఉన్నారు." "నువ్వు రేపు ఏం చేయబోతున్నావు?" ఇలా 60 వాక్యాలు.

ఈ డబ్బాల పద్ధతి మా సొంతం కాదు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లోనే పుస్తకంలో వివరించాడు. మొదటి డబ్బా రోజూ తీయాలి. రెండోది మూడు రోజులకోసారి. మూడోది వారానికోసారి. సరిగ్గా చెబితే కార్డు తర్వాతి డబ్బాలోకి వెళ్తుంది. తప్పితే, ఎంత దూరం వెళ్లిన కార్డయినా మళ్లీ మొదటి డబ్బాకి రావాలి.

మేం దానికి ఒక షరతు కలిపాం. రాయకూడదు, నోటితోనే చెప్పాలి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు మొదలుపెట్టాలి. యానాంలో ఆ పెద్దాయన ఇచ్చిన సమయం అంతే కదా! మూడో డబ్బాలో వారం ఆగి, మళ్లీ అడిగినా వచ్చిన కార్డునే 'వచ్చింది' అని రాసుకోవాలి.

మొదటి రోజు ఊరికే లెక్క చూశాం. 76 శాతం పచ్చగా ఉన్న పిల్లకి 60 కార్డుల్లో 14 వచ్చాయి. తను నా మొహం వైపు చూసింది. యానాం మాట మళ్లీ అంటానేమో అని చూసిందని నాకు అర్థమైంది. నా వంతు వచ్చింది. నాకు 3 వచ్చాయి. పగలబడి నవ్వింది. ఫ్రెంచి పేరు చెప్పి మా ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

రెండో లెక్క ఇంకా చిన్నది. ప్రతి ఆదివారం ఫోన్‌లో ఒక్క నిమిషం రికార్డింగ్. ఈ వారం ఏం చేశానో ఫ్రెంచిలో చెప్పాలి, కాగితం చూడకూడదు. తర్వాత ఇద్దరం విని, ఎన్ని వేర్వేరు క్రియలు వాడిందో తనే లెక్కపెట్టాలి. మొదటి వారం 5 క్రియలు, 1 తప్పు. పదో వారం 13 క్రియలు, 4 తప్పులు. నా పాత షీట్ అయితే తప్పులు నాలుగింతలు పెరిగాయని ఎరుపు చూపించేది. వినండి, ఆ 13 క్రియల్లో ఒక కథ ఉంది. బస్సు తప్పిపోయింది, పరిగెత్తింది, స్నేహితురాలు ఆటో ఆపింది. మొదటి వారం 5 క్రియల్లో ఉన్నది తన పేరు, తన వయసు, తన ఇల్లు.

పరీక్షలు వద్దని నేననడం లేదు. ఫ్రెంచి రూపాలు రాయడం కూడా రావాలి, దానికి పట్టికలు కావాలి. కానీ ఫ్రెంచి ప్రభుత్వ ధ్రువపత్రం డెల్ఫ్ పరీక్షలో కూడా వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటికీ తలా 25 మార్కులు. నేను ఇంట్లో లెక్కపెట్టింది అందులో ఒక్క రాతనే.

మీ ఇంట్లో ఫ్రెంచి లేకపోయినా

మీ ఇంట్లో హిందీ ఉంటుంది. 'జాతా హూఁ' అనాలా, 'జాతీ హూఁ' అనాలా అని తడబడే పిల్లలు ఉంటారు. ఇంగ్లీషు ఉంటుంది. "డిడ్ యు వెంట్?" అని అడిగే పిల్లలూ, మనలాంటి పెద్దలూ ఉంటారు. ఈ నెల మూడు పనులు చేసి చూడండి.

ఒకటి, పట్టిక అప్పజెప్పించుకోకండి. తెలుగులో ఒక వాక్యం చెప్పి, ఆ భాషలో అనమనండి. మూడు లెక్కపెట్టి ఆగండి. రాకపోతే మీరే చెప్పేసి ముందుకి వెళ్లండి, నిట్టూర్చకండి.

రెండు, రైట్ గుర్తు పక్కన తేదీ వేయండి. వారం తర్వాత అదే వాక్యం మళ్లీ అడగండి. రెండోసారి కూడా వచ్చిందే వచ్చినట్టు.

మూడు, తప్పు దొరికితే ఎరుపు వేసేముందు, ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లల్నే అడగండి. ఊరికే మరిచిపోయారా, లేక ఒక సూత్రాన్ని పట్టుకుని ఇంకో చోట వాడారా? రెండోది అయితే అది సంతోషించాల్సిన తప్పు.

మళ్లీ యానాం

సంక్రాంతికి మళ్లీ కాకినాడ వెళ్లాం. యానాం వెళ్దామని నేననలేదు. తనే తాతయ్యని అడిగింది.

పెద్దాయన ఈసారి జాగ్రత్తగా తెలుగులోనే పలకరించారు. తనే ఫ్రెంచిలో నమస్కారం పెట్టింది, మర్యాదగా, మన 'మీరు' లాంటి 'వు' వాడి. పండక్కి ఏం చేశావని ఆయన అడిగారు. "జే అలే..." అని మొదలుపెట్టింది. ఆయన నవ్వుతూ "త్యు ఎ అలే" అని మెల్లగా అందించారు. తను తల ఊపి, "జ్య స్వీ అలే" అని దిద్దుకుని, ఆగకుండా చెప్పుకుపోయింది. అమ్మమ్మ ఇల్లు, అరిసెలు, భోగి మంట. నాకు అర్థమైనంతలో ఇంకో రెండు తప్పులు దొర్లాయి. నేను గోదావరి వైపు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత తనే ఆయన్ని ప్రశ్న అడిగింది. చిన్నప్పుడు బడికి ఎలా వెళ్లారు అని. ఆయన పావుగంట సేపు చెప్పారు. మధ్యలో ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అంది, "నాన్నా, తాతగారు అస్తమానం 'జలే, జలే' అన్నారు గమనించావా? అది 'వెళ్లాను' కాదు, 'వెళ్లేవాణ్ణి'. రోజూ చేసే పనికి వాళ్లకి వేరే రూపం ఉంది. నేను అడిగింది కూడా తప్పే, 'ఎలా వెళ్లేవారు' అని అడగాలి. ఆ కాలం మన షీట్‌లో లేనే లేదు."

తనకి ఏం రాదో తనే కనిపెట్టింది. ఏడాదిన్నర పాటు 540 గళ్లు చూసుకున్న నాకు ఆ ఖాళీ కనబడలేదు.

సంస్కృతం మాట మళ్లీ ఎత్తలేదు. ఆ వారం మొదటి డబ్బాలోకి కొత్త కార్డు వచ్చింది, తన చేతిరాతలో. "చిన్నప్పుడు నేను బడికి నడిచి వెళ్లేవాణ్ణి." తన కార్డు అప్పుడే మూడో డబ్బాకి చేరింది. నాది ఇంకా మొదటి దాంట్లోనే ఉంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక అడుగుతుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంది. రాకపోతే తనే చెప్పేస్తుంది. నిట్టూర్చదు.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని తండ్రి, విజయవాడ